పాపాయి పట్టుకున్న పుస్తకం అమ్మది!

"అన్నప్రాశన నాడే ఆవకాయా?" అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. దేనికైనా ఓ వేళ ఉంటుందని దానర్థం. ఈమధ్య నేను చూస్తున్న అన్నప్రాశనల్లో మాత్రం ఆవకాయ ఒక్కటే తక్కువ. మిగతా తొందరంతా అక్కడే కనిపిస్తోంది.

ఆ వేడుక మీకందరికీ తెలిసిందే. పాయసం నాకించాక పాపాయి ముందు కొన్ని వస్తువులు పెడతాం. పుస్తకం, కలం, బంగారం, డబ్బు, అన్నం, కత్తి, పూలు. పాపాయి ముందుగా దేన్ని ముట్టుకుంటే పెద్దయ్యాక అందులో రాణిస్తుందని ఓ సరదా. వెనకటికి పుస్తకం అంటే ఇంట్లో ఉన్న రామాయణమో, భాగవతమో, పెద్దబాలశిక్షో పెట్టేవాళ్లు. ఇప్పుడు ఆ జాగాలోకి మౌసు వచ్చింది, లాప్‌టాప్ వచ్చింది. లావుపాటి కంప్యూటరు పుస్తకమూ వచ్చింది.

ఆమధ్య మా చెల్లెలి మనవరాలి అన్నప్రాశనకి రాజమండ్రి వెళ్లాను. పాపకి ఏడో నెల. మేనమామ ఒళ్లో కూర్చుని పాయసం తిన్నంత తిని, మిగిలింది ఆయన చొక్కాకి పూసింది. తర్వాత చాప మీద కూర్చోబెట్టి వస్తువులు పేర్చారు. బంగారు గొలుసు వంక అది చూడనైనా చూడలేదు. తిన్నగా వెళ్లి ఓ లావుపాటి పుస్తకం మీద అరచెయ్యి వేసింది. అట్ట మీద ఖడ్గమృగం బొమ్మ ఉంది. దాన్ని టపటపా కొట్టింది. పేజీలు గుప్పిట పట్టి లాగింది. వంగి, ఓ మూల నోట్లో పెట్టుకుంది.

ఇల్లంతా చప్పట్లు! "ఇంకేం, సాఫ్ట్‌వేరు ఇంజనీరు పుట్టేసింది" అన్నారొకరు. "అమెరికా టిక్కెట్టు ఇప్పుడే కొని పెట్టుకోండి" అన్నారింకొకరు. అరడజను సెల్‌ఫోన్లు పైకి లేచాయి.

ఆ హడావిడిలో పాప తల్లి మొహం ఎవరూ చూడలేదు. ఆ పిల్ల గబగబా వచ్చి పాప గుప్పిట్లోంచి పసుపురంగు చీటీ ముక్కలు తీసుకుంటోంది. తర్వాత వంటింట్లో నాతో మెల్లిగా అంది: "పెద్దమ్మా, ఆ పుస్తకం నాది. ఎక్కడిదాకా చదివానో, ఏది మళ్లీ చూసుకోవాలో గుర్తు కోసం ఆ చీటీలు అంటించుకున్నాను. నా బల్ల మీంచి అన్నయ్య అడక్కుండా పట్టుకెళ్లాడు. వచ్చే నెల్లో నాకు ఇంటర్వ్యూ ఉంది. ఆ సంగతి ఈ ఇంట్లో ఒక్కరికీ గుర్తులేదు."

ఆరేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన పిల్ల. కానుపుకి ముందు మంచం దిగొద్దని డాక్టరు చెబితే రాజీనామా ఇచ్చి పుట్టింటికి వచ్చింది. మళ్లీ ఉద్యోగంలో చేరాలని, పాప నిద్రపోయిన వేళల్లో చదువుకుంటోంది. ఏడు నెలల పాప ఓ కంప్యూటరు పుస్తకాన్ని ముట్టుకుంటే పాతికేళ్ల తర్వాతి ఉద్యోగం అందరికీ కనిపించింది. అదే పుస్తకంతో నెల తర్వాత రావలసిన తల్లి ఉద్యోగం ఎవరికీ కనిపించలేదు! ఇది ఆ ఒక్క ఇంటి సంగతేనా? కాస్త ఆలోచిద్దాం.

పాపకి ఏం కనిపించింది?

ముందు పాప సంగతి. అంత ఇష్టంగా ఆ పుస్తకాన్నే ఎందుకు పట్టుకుంది?

ఆరేడు నెలల పిల్లలకి లోకం చేతిలోనూ నోట్లోనూ ఉంటుంది. దేన్నయినా పట్టుకోవాలి, కొట్టాలి, చప్పుడు వినాలి, రుచి చూడాలి. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే తన ముగ్గురు పిల్లల్ని పసితనం నుంచీ గమనించి రాసుకుంటూ వచ్చాడు. మొదటి రెండేళ్లలో బిడ్డ ఆలోచనంతా కళ్లు, చెవులు, చేతులు, నోటి ద్వారానే సాగుతుందని ఆయన చెప్పాడు. ఆ లెక్కన లావుపాటి పుస్తకాన్ని మించిన ఆటవస్తువు ఏముంది చెప్పండి? బరువుగా ఉంటుంది. కొడితే మోగుతుంది. లాగితే చిరుగుతుంది. ఓ పేజీ తిప్పితే ఇంకోటి వస్తుంది. వందల పేజీలు, ఎంతకీ అయిపోదు!

బొమ్మ సంగతి మరీ తమాషా. 1998లో అమెరికాలో కొందరు పరిశోధకులు తొమ్మిది నెలల పిల్లల ముందు రంగుల ఫొటోలున్న పుస్తకాలు పెట్టి చూశారు. పిల్లలు ఆ బొమ్మల్ని నిజం వస్తువులే అన్నట్టు పేజీ మీంచి తీయబోయారు, గీకారు, రుద్దారు. ఆఫ్రికాలో ఐవరీ కోస్ట్ పిల్లలూ అచ్చం అలాగే చేశారు. ఏడాదిన్నర దాటాక మాత్రం పిల్లలు పట్టుకోవడం మాని, బొమ్మని వేలితో చూపించడం మొదలుపెట్టారు. బొమ్మ వేరు, వస్తువు వేరు అని తెలుసుకోవడానికే పసిబిడ్డకి అన్ని నెలలు పడుతోందన్నమాట. ఇక ఆ పేజీలోని ప్రోగ్రాము సంగతి చెప్పాలా?

ఆ ఖడ్గమృగానికీ ఓ కథ ఉంది. అమెరికాలో ఓరైలీ అనే ప్రచురణ సంస్థ కంప్యూటరు పుస్తకాల అట్టల మీద జంతువుల బొమ్మలు వేస్తుంది. 1980ల చివర్లో ఈడీ ఫ్రీడ్‌మన్ అనే డిజైనరు పందొమ్మిదో శతాబ్దపు పాత చెక్కుడు బొమ్మలు వెతికి ఈ పద్ధతి తెచ్చింది. పెర్ల్ అనే భాష పుస్తకానికి ఒంటె. జావాస్క్రిప్ట్ పుస్తకానికి జావా ఖడ్గమృగం. పైథాన్ నేర్పే పుస్తకం మీద కొండచిలువ ఉంటుందనుకుంటాం కదా, 'లెర్నింగ్ పైథాన్' మీద ఉన్నది ఎలుక! నలుపు తెలుపుల్లో, గీతలు గీతలుగా, కొట్టొచ్చినట్టుండే బొమ్మలవి. పసికళ్లు అలాంటి వాటికి ఇట్టే అతుక్కుంటాయి. మా మనవరాలు మెచ్చింది జావాస్క్రిప్ట్‌ని కాదండీ, ఖడ్గమృగాన్ని!

అన్నిటికన్నా పెద్ద కారణం ఇంకోటుంది. పిల్లలకి మనం కొనిచ్చే బొమ్మలకన్నా మన చేతిలో ఉన్న వస్తువే కావాలి. గిలక్కాయ ఇస్తే విసిరేసి గరిటె కోసం ఏడుస్తారు. అమ్మ చూపు ఎటు వెళ్తే వాళ్ల చూపూ అటే. రోజూ రాత్రి అమ్మ ఒళ్లో ఆ పుస్తకం ఉంటోంది. అమ్మ కళ్లు దాని మీదే ఉంటున్నాయి. అమ్మ అంత శ్రద్ధగా చూసే ఆ వస్తువులో ఏదో ఉందని పాప అనుకోదా మరి? అది పట్టుకున్నది అమ్మ వస్తువుని.

ఈ మురిపెం మీద వ్యాపారం

మురిసిపోవడం తప్పేం కాదు. పసివాళ్లు ఏం చేసినా ముద్దే. అయితే ఆ మురిపెం పక్కనే ఓ భయం కూడా ఉంది. మా బిడ్డ వెనకబడిపోతుందేమో! ఆ భయం మీద పెద్ద వ్యాపారమే నడిచింది, ఇంకా నడుస్తోంది.

2015 డిసెంబరులో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్, అప్పుడే పుట్టిన కూతురికి 'క్వాంటమ్ ఫిజిక్స్ ఫర్ బేబీస్' అనే బొమ్మల పుస్తకం చదువుతున్న ఫొటో పెట్టాడు. క్రిస్ ఫెర్రీ అనే భౌతిక శాస్త్రవేత్త రాసిన పుస్తకం అది. బంతుల బొమ్మలతో సరదాగా ఉంటుంది. ఆ ఫొటో లోకమంతా తిరిగింది. కంప్యూటరు భాషల మీదా పసిపిల్లల పుస్తకాలు వచ్చాయి. అట్ట ముక్కల్లాంటి పేజీలు, రంగుల అక్షరాలు. తల్లో తండ్రో ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివితే మంచిదే. ఆ మంచి అంతా ఒళ్లో ఉంది, మాటల్లో ఉంది. అందులో క్వాంటమ్ ఉన్నా ఒకటే, చందమామ ఉన్నా ఒకటే.

అంతకు ముందే అమెరికాలో 'బేబీ ఐన్‌స్టీన్' వీడియోల మోజు నడిచింది. 2001లో డిస్నీ సంస్థ వాటిని కొనేసింది. వీటివల్ల పిల్లలకి తెలివి పెరుగుతుందని నమ్మి లక్షలమంది తల్లులు కొన్నారు. చివరికి విమర్శలు ముదిరాక, 2009లో కొన్నవాళ్లకి డబ్బు వాపసు ఇస్తామని ఆ సంస్థే ప్రకటించాల్సి వచ్చింది.

మన దేశం సంగతి? 2020లో కరోనా తాళాల మధ్య పిల్లలంతా ఇంట్లో ఉన్నప్పుడు కోడింగ్ క్లాసుల ప్రకటనలు ఎంత హోరెత్తాయో గుర్తుందా? ఆరేళ్ల పిల్లలు యాప్‌లు తయారుచేస్తారట, పెట్టుబడిదారులు ఇంటి ముందు కొట్టుకుంటారట! వైట్‌హ్యాట్ జూనియర్ అనే సంస్థ ప్రకటనల్లో 'వుల్ఫ్ గుప్తా' అనే కుర్రాడు వచ్చేవాడు. ఓ ప్రకటనలో ఓ వయసు, మరో దాంట్లో మరో వయసు. జీతం కూడా అంతే, మారిపోతూ ఉండేది. తీరా చూస్తే ఆ కుర్రాడు కల్పిత పాత్ర. ప్రకటనల ప్రమాణాల మండలి అభ్యంతరం చెబితే ఆ సంస్థ అయిదు ప్రకటనల్ని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఆగస్టులో బైజూస్ ఆ సంస్థని 30 కోట్ల డాలర్లకి కొంది. 2024 జులైలో ఆ బైజూసే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఎంతమంది తల్లులు మెళ్లో గొలుసు తాకట్టుపెట్టి మరీ ఫీజులు కట్టారో!

కోడింగ్‌కి కూడా ఓ వేళ ఉంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం కోడింగ్ గురించి మాట్లాడింది మధ్యమ దశలో, అంటే ఆరో తరగతి నుంచి. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటపాటలతో చదువు సాగాలని అదే విధానం చెప్పింది. మన దేశపు పిల్లల వైద్యుల సంఘమైతే రెండేళ్లలోపు పిల్లలకి తెర అసలే వద్దంది. కంప్యూటరు పుస్తకాన్ని నమిలే పాపకి కంప్యూటరు తెర చూపించాలని తొందరపడేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. పుస్తకం నమిలితే నాలుగు పేజీలు పోతాయి, అంతే.

పాతికేళ్ల తర్వాత సంగతి ఎవరికి తెలుసు?

పాప పట్టుకున్న పుస్తకం పాప పెద్దయ్యేసరికి పనికొస్తుందా? కంప్యూటరు భాషల జాతకాలు చూస్తే నవ్వొస్తుంది.

కోబాల్ అనే భాష 1959లో మొదలైంది. నలభై ఏళ్లకి దాని పని అయిపోయిందనుకున్న సమయంలో 2000 సంవత్సరం తేదీల గొడవ ముంచుకొచ్చింది. పాత ప్రోగ్రాములు సరిచేయడానికి ఆ ముసలి భాష తెలిసినవాళ్లే కావలసి వచ్చారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నేర్చుకుని విమానమెక్కినవాళ్లు మీ బంధువుల్లో కూడా ఉండే ఉంటారు. 1959లో ఏ అన్నప్రాశనలోనైనా ఎవరైనా ఇది ఊహించారా?

ఇంకోవైపు ఫ్లాష్ ఉంది. ఇంటర్నెట్‌లో కదిలే బొమ్మలన్నీ ఒకప్పుడు దానితోనే చేసేవాళ్లు. దాని మీద ఎన్ని కోర్సులు, ఎన్ని లావుపాటి పుస్తకాలు! 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ఆపేశారు. ఆ పుస్తకాలిప్పుడు తూకానికి వెళ్లాయి. జావాస్క్రిప్ట్ చూడండి. 1995లో బ్రెండన్ ఐక్ అనే ఆయన దాని తొలి రూపాన్ని పదిరోజుల్లో హడావిడిగా తయారుచేశాడు. అది ముప్ఫై ఏళ్లయినా చెక్కుచెదరలేదు.

ఇక 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, ప్రోగ్రాములు యంత్రమే రాసిపెట్టే రోజులొచ్చాయి. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో సుమారు 2 శాతం మందిని, అంటే 12,000 మందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. ఆ వార్త వచ్చిన వారం సాఫ్ట్‌వేరు పిల్లలున్న ఇళ్లలో ఎవరికీ సరిగ్గా నిద్రపట్టి ఉండదు. ఇలాంటి కాలంలో ఏడు నెలల పాప అరచేతి గుర్తు చూసి పాతికేళ్ల జాతకం రాయడం ఎంత అమాయకత్వమో మీరే చెప్పండి.

ఈ మార్పుల దెబ్బ ముందుగా ఎవరికి తగులుతుంది? ఏడాదో, రెండేళ్లో ఉద్యోగానికి దూరమైనవాళ్లకి. ఈ రంగంలో ఏడాది ఆగితే మూడేళ్లు వెనకబడినట్టుంటుందని మా పిల్ల అంటుంది. అందుకే దానికి ఆ పసుపు చీటీలు అంత ముఖ్యమయ్యాయి.

అమ్మకి దొరికే గంటలెన్ని?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి రెండు కానుపులకి 26 వారాల జీతంతో సెలవు ఇచ్చింది. 50 మంది, ఆపైన పనిచేసేచోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలంది. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చంది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ నిబంధనల్ని తనలో కలుపుకుంది. మంచి చట్టమే. కానీ ఇందులో ఓ మెలిక ఉంది. ఆ సెలవు జీతం మొత్తం యజమానే భరించాలి. దాంతో పెళ్లయిన పిల్లని ఉద్యోగంలోకి తీసుకోవడానికి వెనకాడేవాళ్లూ తయారయ్యారు. తండ్రికేమో ప్రైవేటు ఉద్యోగంలో బిడ్డ కోసం సెలవు ఇమ్మని చట్టం అడగనే లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజులు దొరుకుతుంది. అంటే బిడ్డ తల్లి పని అని చట్టం కూడా ఒప్పేసుకున్నట్టే కదా!

ఇంట్లో సంగతి లెక్కల్లో చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. పిల్లలూ పెద్దల సంరక్షణలో 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది పాలుపంచుకుంటే, మగవాళ్లలో 21 శాతం మందే. అదీ ఆడవాళ్లకి 140 నిమిషాలు, మగవాళ్లకి 74. ఈ అంకెలు చూసి మీరెవరూ ఆశ్చర్యపోరని నాకు తెలుసు. మన గడియారమే కదా అది!

2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికాలో రెండువందల ఏళ్ల లెక్కలు తిరగేసింది. ఒకే చదువు, ఒకే ఉద్యోగం ఉన్న స్త్రీ పురుషుల జీతాల్లో తేడా ఎక్కువగా మొదటి బిడ్డ పుట్టడంతో మొదలవుతుందని ఆమె తేల్చింది. చదువులో తేడా లేదు, తెలివిలో తేడా లేదు. తేడా గంటల్లో ఉంది. పాప నిద్రపోతే చదువుకో అని తల్లికి చెబుతాం. పాప నిద్రపోయాకే కదా బట్టలు మడతపెట్టాలి, సీసాలు మరిగించాలి, రేపటికి పప్పు నానబెట్టాలి. ఆ తర్వాత కాస్త కన్ను మూయాలి!

ఒళ్లో బిడ్డ, చేతిలో లెక్క

పిల్లలున్న తల్లికి కంప్యూటరు పనేమిటి అనేవాళ్లకి చరిత్రలో మంచి జవాబులున్నాయి. అసలా పని మొదలైందే తల్లుల చేతుల్లో.

కంప్యూటరు ఇంకా పుట్టకముందే, 1843లో, చార్లెస్ బాబేజ్ ఊహించిన యంత్రంతో లెక్కలు ఎలా చేయించవచ్చో వివరంగా రాసిన ఇంగ్లండు స్త్రీ ఏడా లవ్‌లేస్. తొలి ప్రోగ్రామర్ అని ఆమెని ఎందరో గౌరవిస్తారు. అప్పటికి ఆమె ముగ్గురు చిన్నపిల్లల తల్లి. ఆఖరివాడికి నాలుగేళ్లు.

1962లో ఇంగ్లండులోనే స్టెఫనీ షర్లీ అనే ఆమె ఆరు పౌండ్లతో ఓ సాఫ్ట్‌వేరు సంస్థ మొదలుపెట్టింది. పెళ్లయి, పిల్లలు పుట్టి ఉద్యోగం మానేసిన చదువుకున్న స్త్రీలకి ఇంటి దగ్గరే ప్రోగ్రాములు రాసే పని ఇచ్చింది. వంటింటి బల్లల మీద కూర్చుని వాళ్లు కాంకర్డ్ విమానం బ్లాక్ బాక్స్‌కి కూడా ప్రోగ్రాము రాశారు. మొదటి 300 మంది ఉద్యోగుల్లో 297 మంది స్త్రీలే. ఆడపేరుతో ఉత్తరాలు రాస్తే జవాబులు రావడంలేదని ఆమె 'స్టీవ్' అని సంతకం పెట్టేది. ఇంటికి ఫోన్ వస్తే పసివాడి ఏడుపు వినపడకుండా టైపు కొడుతున్న చప్పుడు టేపులో వేసేదట! నేటి ఆన్‌లైన్ ఇంటర్వ్యూల్లో మైకు నొక్కేసి బిడ్డని సముదాయించే మన పిల్లలకి ఈ సంగతి వింటే నవ్వూ వస్తుంది, కన్నీరూ వస్తుంది.

మూడో కథ నాకు మరీ ఇష్టం. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో వ్యోమనౌకల ప్రోగ్రాములు రాసిన బృందానికి నాయకురాలు మార్గరెట్ హామిల్టన్. రాత్రుళ్లు, సెలవురోజుల్లో పని ఉంటే చిన్న కూతుర్ని కూడా ఎంఐటీ ప్రయోగశాలకి తీసుకెళ్లేది. ఓ రోజు ఆ పిల్ల వ్యోమగామి ఆట ఆడుతూ మీటలు నొక్కేసరికి నమూనా యంత్రం కాస్తా ఆగిపోయింది. ప్రయాణం మధ్యలో ఉండగా, నౌక బయల్దేరక ముందు వాడాల్సిన ప్రోగ్రామును ఆ పిల్ల నొక్కేసింది. మనమైతే ఏమనేవాళ్లం? "అబ్బో, వ్యోమగామి అయిపోతుంది!" అనేవాళ్లం. ఆ తల్లి అలా అనుకోలేదు. పసిపిల్ల నొక్కినది పెద్దవాళ్లు కూడా పొరపాటున నొక్కవచ్చు కదా, దానికి అడ్డుకట్ట వేద్దాం అంది. వ్యోమగాములు బాగా శిక్షణ పొందినవాళ్లు, అలాంటి పొరపాటు చేయరని పైవాళ్లు కొట్టిపారేశారు. 1968 డిసెంబరులో అపోలో 8 ప్రయాణంలో జిమ్ లోవెల్ సరిగ్గా అదే పొరపాటు చేశాడు. దారి చూపే లెక్కలు చెరిగిపోయాయి. కింద ఉన్న బృందం తంటాలుపడి సరిచేసింది. ఆ తర్వాతే హామిల్టన్ అడిగిన అడ్డుకట్టకి ఒప్పుకున్నారు.

చూశారా? పిల్ల ఆటని ఆ తల్లి ఆటగానే చూసింది. తన పనిని పనిగా చూసుకుంది. రెండూ ఒకే గదిలో ఉన్నా ఒకదానితో ఒకటి కలిపేయలేదు. అలా చూడగలిగే వీలు ఆమెకి దొరికింది, ఎందుకంటే అక్కడ ఆమె పని కూడా లెక్కలోకి వచ్చింది.

మనం చేయగలిగింది

ఇదంతా చట్టాలు మారితేనే అయ్యే పని అనుకోవద్దు. కొంత మన చాపమీదే, మన వంటింట్లోనే ఉంది.

పాపకి పుస్తకం ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. పాత డైరీ, నిరుటి క్యాలెండరు, పిల్లల కోసం చేసే గట్టి అట్టల పుస్తకం. పిన్నులుంటే తీసేయండి. చింపనివ్వండి, తిప్పనివ్వండి. పక్కన కూర్చుని "ఇదిగో ఏనుగు, ఇదిగో ఒంటె" అని మాట్లాడండి. ఆ వయసుకి అంతకుమించిన చదువు లేదు. అయిదేళ్లలోపు పిల్లకి కోడింగ్ నేర్పుతామని ఎవరైనా ఫోన్ చేస్తే, "మా పాపకి ఇంకా మధ్యాహ్నం నిద్ర అవసరం" అని పెట్టేయండి.

అమ్మ పుస్తకాన్ని మాత్రం అమ్మ బల్ల మీద ఉండనివ్వండి. కోడలిదైనా, కూతురిదైనా. అడక్కుండా తీయకండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ పుస్తకం ఎవరిదని గుర్తుపెట్టుకుంటే ఆమె ఎవరో కూడా గుర్తుంటుంది.

రోజుకి రెండు గంటలు ఆమెకి వదిలిపెట్టండి. వీలైతే, ఖాళీ దొరికితే అన్న లెక్క వద్దు. ఉదయం ఏడు నుంచి తొమ్మిదో, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదో, గడియారం చూసి. ఆ రెండు గంటలూ పాప నాన్న దగ్గరో, తాతయ్య దగ్గరో ఉండాలి. అమ్మమ్మా, నాయనమ్మా ఎటూ చూస్తారు, అది కొత్త సంగతి కాదు. మగవాళ్ల చేతికి ఆ రెండు గంటలు రావడమే కొత్త. పాప ఏడిస్తే వెంటనే తల్లి గది తలుపు కొట్టకూడదు. ముందు తామే సముదాయించి చూడాలి. నాలుగు రోజులు కష్టంగా ఉంటుంది. అయిదో రోజు నుంచి పాపకి నాన్న చెయ్యి కూడా అలవాటవుతుంది.

ఉద్యోగాల్లో ఉన్న చెల్లెళ్లకి ఓ మాట. మీ ఆఫీసులో 50 మంది దాటి ఉంటే క్రెష్ ఎక్కడుందని అడగండి. మీకిప్పుడు అవసరం లేకపోయినా అడగండి. అవసరం వచ్చిన రోజున ఒంటరిగా అడిగే తల్లి గొంతు ఎవరికీ వినపడదు. పదిమంది కలిసి ముందే అడిగితే వినపడుతుంది.

అత్తగార్లకీ, మనలాంటి పెద్దమ్మలకీ కూడా ఓ మాట. పాప ఏం ముట్టుకుందని అడగడం మన సరదా. అది మానక్కర్లేదు. దాంతోపాటు ఇంకో ప్రశ్న అడగడం కూడా అలవాటు చేసుకుందాం: "అమ్మాయ్, నీ చదువు ఎందాకా వచ్చింది?" ఆ ప్రశ్న అడిగే మనిషి ఇంట్లో ఒక్కరున్నా, అర్ధరాత్రి ఓ పేజీ ఎక్కువ చదివే ఓపిక ఆ పిల్లకి వస్తుంది. అడిగి ఊరుకోకుండా, ఆ రాత్రి సీసాలు మనం మరిగిస్తే ఇంకో పేజీ కూడా అవుతుంది.